ఛాతీలోని గడ్డ, రక్తములోని వ్యాధి

దోర్నపాల్ ప్రాంతమున ఒక యువకునకు దగ్గు, ఆయాసము పట్టి విడువకున్నచో క్షయయని తలంతురు. జ్వరముతో ప్లేట్‌లెట్లు తగ్గినచో మలేరియాయందురు. బస్తరులో అది తరచుగా నిజమే. అయితే అరుదుగా వేరొక కారణముండును.

బీజకణముల క్యాన్సరు సాధారణముగా వృషణములలో పుట్టును. కొందరు యువకులకు ఊపిరితిత్తుల నడుమ పుట్టును. ఇట్టి గడ్డలలో సెమినోమా కాని రకమునకు ఒక వింత గుణము కలదు: ఆ రోగికి ల్యుకీమియా, అనగా రక్తపు క్యాన్సరు, రావచ్చును. 2000 సంవత్సరమున ప్రకటింపబడిన అంతర్జాతీయ పరిశీలనలో 287 మంది ఇట్టి రోగులలో 17 మందికి రక్తవ్యాధులు కనబడెను. వారిలో సగము మందికి ఆరు మాసములలోపే అవి బయటపడెను. పిదప సగము మంది ఐదు మాసములకు మించి జీవింపలేదు.

ఇది మందుల దోషమేయని తలంపరాదు. ఎటొపొసైడు వలన ల్యుకీమియా వచ్చుట కలదు గాని, అది సాధారణముగా రెండు మూడేండ్లకు. ఇచ్చట గడ్డ కణములందును ల్యుకీమియా కణములందును పండ్రెండవ క్రోమోజోములో ఒకే మార్పు కనబడినది. రెండును ఒక్క వేరునుండి పుట్టినవన్నమాట. కావున భయపడి చికిత్స మానరాదు. గడ్డకు సిస్‌ప్లాటిన్‌తో కూడిన మందులే ఆధారము.

చికిత్స ముగిసి ఇంటికి మరలినవాని మేను పాలిపోయినను, చిగుళ్ల నెత్తురు కారినను, ఒంటిపై కమిలిన మచ్చలు లేచినను రక్తపరీక్ష చేయింపుడు. సుక్మాకు గాని భద్రాచలమునకు గాని పోవునపుడు పాత ఆసుపత్రి కాగితములు వెంట నుంచుకొనుడు. ప్లీహము మలేరియాలోను ఈ వ్యాధిలోను పెరుగవచ్చును. మలేరియా లేదని తేలియు ప్లేట్‌లెట్లు కోలుకొననిచో ఎముక మూలుగను పరీక్షింపవలసియుండును.