వీధి చివరి డాక్టరూ పరిశోధకుడే

పెద్దాసుపత్రులు తేల్చలేని ప్రశ్నలకు బ్రిటన్‌లో ఫ్యామిలీ డాక్టర్లు జవాబులు వెతికారు. వారి పెట్టుబడి రోగుల నమ్మకమే. చిక్కూ అందులోనే ఉంది.

దగ్గు, జ్వరం, కాస్త ఎక్కువైన రక్తపోటు. జనంలో చాలామందిని పట్టి పీడించే ఇలాంటి బాధలకు పెద్దాసుపత్రి గడప తొక్కేవారు తక్కువ. కానీ కొత్త చికిత్సల పరీక్షలు ఎక్కువగా జరిగేది అక్కడే. మంచం పట్టినవారికి పనిచేసిన మందు, నడుచుకుంటూ క్లినిక్‌కు వచ్చేవారికీ అంతే మేలు చేస్తుందా?

ఓ మోస్తరు అధిక రక్తపోటుకు మందు వాడాలా, వద్దా అన్నది 1970ల్లో వైద్యులకు తెగని చర్చ. బ్రిటన్ మెడికల్ రీసెర్చ్ కౌన్సిల్ 176 ఫ్యామిలీ డాక్టర్ల క్లినిక్‌లను కూడగట్టి, 35-64 ఏళ్ల మధ్య వయసున్న 17,354 మందిని పరీక్షలో చేర్చుకుంది. కొందరికి మందు, మిగిలినవారికి మందు లేని ఉత్తుత్తి మాత్ర ఇచ్చారు. 1985లో ఫలితాలు వెలువడ్డాయి. మందుతో పక్షవాతం తగ్గింది నిజమే. కానీ ఒక్కరిని దాని బారినుంచి తప్పించాలంటే 850 మంది ఏడాదిపాటు మందు మింగాలి. మొత్తం మరణాల్లో మాత్రం స్పష్టమైన తేడా కనిపించలేదు. ఇంత సన్నటి తేడా పట్టుకోవాలంటే వేలమంది కావాలి. వారు దొరికేది క్లినిక్‌లలోనే.

అక్కడ అది సాధ్యం కావడానికి కారణముంది. దాదాపు ప్రతి కుటుంబం పేరూ ఏదో ఒక ప్రభుత్వ నిధుల క్లినిక్‌లో నమోదై ఉంటుంది. రోగి చరిత్ర అంతా ఒకేచోట దొరుకుతుంది. ఆ పరీక్షలో కొలతలు, నమోదు పనిలో చాలాభాగాన్ని శిక్షణ పొందిన నర్సులు చూసుకున్నారు.

కొవిడ్ వేళ ఈ పద్ధతే మళ్లీ అక్కరకొచ్చింది. 2020లో ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం మొదలుపెట్టిన 'ప్రిన్సిపుల్' పరీక్షలో వయసు పైబడిన రోగులు ఇంట్లో ఉంటూనే పాల్గొన్నారు. భారత్‌లో మందుల చీటీలపై విరివిగా కనిపించిన అజిత్రోమైసిన్, డాక్సీసైక్లిన్‌లతో ఇంటి దగ్గర కోలుకునేవారికి చెప్పుకోదగ్గ ప్రయోజనం లేదని 2021 జనవరిలో తేలింది. పీల్చే మందు బ్యుడెసొనైడ్ మాత్రం కోలుకునే కాలాన్ని సుమారు మూడు రోజులు తగ్గించింది.

భారత్‌లో ఇలాంటి పరిశోధనకు అడ్డంకులు తక్కువేమీ కాదు. రోగి ఈ నెల ఒక డాక్టరు దగ్గరికి, వచ్చే నెల మరొకరి దగ్గరికి వెళతాడు. చరిత్ర అంతా చేతిసంచిలోని చీటీల్లోనే. క్రిక్కిరిసిన ఓపీలో డాక్టరుకు తీరిక చిక్కదు.

అంతకంటే సున్నితమైనది సమ్మతి. ఏళ్లుగా నాడి చూస్తున్న డాక్టరు అడిగితే కాదనడం రోగికి కష్టం. పెద్దల మాటే చివరి మాటైతే ఏమవుతుందో ఖమ్మం జిల్లా చూసింది. అక్కడ 2009లో బాలికలపై చేపట్టిన గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ టీకా అధ్యయనాన్ని 2010లో నిలిపేశారు. హాస్టల్ బాలికల తరఫున వార్డెన్లు సంతకాలు చేసిన సంగతి విచారణలో బయటపడింది.

2019 నాటి కొత్త మందుల, క్లినికల్ పరీక్షల నిబంధనలు నైతిక కమిటీ ఆమోదాన్ని, హాని జరిగితే చికిత్సను, పరిహారాన్ని తప్పనిసరి చేశాయి. అయితే క్లినిక్‌లో రోగికి ముందుగా తెలియాల్సింది ఒకటుంది: పరీక్షలో చేరనన్నా, మధ్యలో మానుకున్నా తన వైద్యం ఆగదని. ఆ మాట చెప్పాల్సింది డాక్టరే.