గాజుతొట్టిలోని చేపలు – కుళాయి నీరు

గాజుతొట్టిలో చేపలను పెంచు ఇండ్లలోను, పాఠశాలలలోను తరచుగా కనవచ్చు దృశ్యమొకటి కలదు. తొట్టిలోని నీరు కొంచెము మసకబారగానే సెలవుదినమున అందరును కలిసి దానిని శుభ్రపరచుటకు పూనుకొందురు. పాతనీరంతయు పారబోయుదురు. అడుగునగల ఇసుకను తెల్లగా మెరయునంతవరకు కడుగుదురు. కుళాయి విప్పి తొట్టిని నింపి చేపలను అందులో విడుతురు. నీరు స్ఫటికమువలె నున్నది, చూచువారికి కన్నులపండువు. కాని సాయంకాలమునకే చేపలు నీటిపైకి వచ్చి నోళ్లు తెరచుచుండును. మరునాటి ఉదయమునకు వానిలో కొన్ని వెల్లకిల తేలును. మంచికి పోగా చెడు ఎదురైనట్లు, ప్రేమతో చేసిన శుభ్రతయే వానికి మృత్యువైనది. పిల్లలు కంటతడి పెట్టుదురు. పెద్దలు “వాని ఆయువు అంతే” అని సరిపెట్టుకొందురు. నిజమునకు అది ఆయుర్దాయముతో ముడిపడిన విషయము కాదు. రసాయనశాస్త్రము చక్కగా వివరింపగల విషయము.

కుళాయి నీరు మనుష్యుల క్షేమమునకై సిద్ధపరుపబడినది. 1897లో ఇంగ్లండులోని మెయిడ్‌స్టోన్ పట్టణమున టైఫాయిడు ప్రబలినపుడు అచటి నీటిగొట్టములను బ్లీచింగు పౌడరుతో శుద్ధిచేసిరి. 1908లో అమెరికాలోని జెర్సీ నగరమునకు పోవు నీటికి నిత్యమును క్లోరిన్ చేర్చుట ప్రారంభమైనది. తరువాత ఆ పద్ధతి లోకమంతట వ్యాపించి, కలరా, టైఫాయిడు వంటి వ్యాధులనుండి లెక్కలేనంతమందిని కాపాడినది. నీటికేంద్రమున క్లోరిన్ కలిపినంత మాత్రమున చాలదు. గొట్టములలో దారిపొడవునను సూక్ష్మజీవులు చేరకుండుటకై, అది కొంత మిగిలి ఇంటివరకు రావలెను. భారతీయ ప్రమాణముల సంస్థ 2012లో ప్రకటించిన నియమావళి ప్రకారము, త్రాగునీటిలో ఇట్లు మిగిలిన క్లోరిన్ లీటరునకు 0.2 మిల్లీగ్రాములకు తగ్గరాదు. కావున కుళాయి విప్పినపుడు ఘాటైన వాసన వచ్చుట నీటి దోషము కాదు. అది కావలివాని ఉనికి.

మరి మనిషికి మేలుచేయు నీరు చేపకు కీడు ఏల చేయును? మనిషి నీటిని త్రాగును. చేప నీటిని శ్వాసించును. త్రాగిన నీటిలోని స్వల్పమైన క్లోరిన్ నోటిలోను జీర్ణకోశములోను ఉన్న పదార్థములతో కలిసి క్షణములలో వ్యయమైపోవును, రక్తమువరకు చేరదు. చేప మొప్పలలో రక్తమునకును నీటికిని నడుమ ఉన్నది అతి పలుచని పొర మాత్రమే. ఆమ్లజని లోనికి వచ్చుటకు ఆ పలుచదనము అవసరము. క్లోరిన్ తాకగానే ఆ సుకుమారమైన పొర కాలిపోవును. అంతట నీటిలో ఆమ్లజని సమృద్ధిగా నున్నను చేపకు ఊపిరాడదు.

ఈ భేదమెంతటిదో అంకెలే చెప్పును. నదులలోని జలచరముల రక్షణకై అమెరికా దేశపు పర్యావరణ పరిరక్షణ సంస్థ 1984లో ఒక పరిమితిని సూచించినది. మంచినీటిలో క్లోరిన్ గంటసేపటి సగటున లీటరునకు 19 మైక్రోగ్రాములు మించరాదనియు, నాలుగు దినముల సగటున 11 మైక్రోగ్రాములు మించరాదనియు దాని సారాంశము. ఇండ్లకు వచ్చు నీటిలో ఉండవలసిన కనీస పరిమాణము 0.2 మిల్లీగ్రాములు, అనగా 200 మైక్రోగ్రాములు. మనిషికి కనీసముగా కావలసినది చేప ఓర్వగల దానికి పదింతలకు పైగా ఉన్నదన్నమాట!

దీనికి మొదటి ఉపాయము ఓపిక. క్లోరిన్ వాయువు గనుక వెడల్పు మూతిగల తొట్టెలో నీరుపట్టి ఒక దినము మూతలేక ఉంచినచో చాలవరకు గాలిలో కలిసిపోవును. గాలిబుడగలు పంపు చిన్న యంత్రమును అందులో నడిపినచో ఇంకను త్వరగా పోవును. లోతైన బిందెలో మూతపెట్టి ఉంచిన నీటికి ఈ ఫలము దక్కదు.

అయితే అన్ని ఊళ్ల నీటికిని ఈ ఉపాయము చాలదు. కెనడాలోని ఒట్టావాలో 1916లో క్లోరిన్‌తోపాటు అమ్మోనియాను చేర్చి ‘క్లోరమైన్’ అను పదార్థముతో నీటిని శుద్ధిచేయ నారంభించిరి. అది నీటిలో చాలకాలము నిలుచును. అందుకే విదేశములందు పెక్కు నగరములు దానిని అనుసరించినవి. నిలకడయే దాని సుగుణము. చేపల విషయమున అదియే దాని దుర్గుణము. ఒక దినము నిలువ ఉంచినను అది పోదు. మొప్పలగుండా రక్తములో ప్రవేశించి, ఆమ్లజనిని మోయు రక్తవర్ణకమును పనికిరానిదిగా మార్చివేయును. మూత్రపిండముల వ్యాధిగ్రస్తులకు రక్తశుద్ధి చేయు యంత్రములలో వాడు నీటినుండి క్లోరమైన్‌ను తప్పక తొలగించుటకు గల కారణమును ఇట్టిదే. అచట మనిషి రక్తము సైతము చేప రక్తమువలెనే నీటికి ఎదురుగా నిలుచును. అమెరికా మొదలగు దేశములలో కాపురమున్న తెలుగువారు చేపలను పెంచునపుడు తమ ఊరి నీటిలో ఏది కలుపుచున్నారో ముందుగా తెలిసికొనుట మంచిది. నీటిని ఇచ్చు చెరువులోనో నదిలోనో మురుగు కలిసి అమ్మోనియా ఉన్నచో, ఎవరును చేర్చకున్నను, వేసిన క్లోరిన్ దానితో కలిసి తనంతట తానే క్లోరమైన్‌గా మారుటయు కలదు.

రెండవ ఉపాయము పాతకాలపు ఛాయాచిత్రకారులకు చిరపరిచితమైన ‘హైపో’, అనగా సోడియం థయోసల్ఫేటు స్ఫటికములు. అలంకారపు చేపల దుకాణములలో ‘క్లోరిన్ విరుగుడు’ అని సీసాలలో అమ్ము ద్రవములు పెక్కింటిలో ఉండునది ఇదే. ఒక మిల్లీగ్రాము క్లోరిన్‌ను విరుచుటకు 7 మిల్లీగ్రాముల హైపో స్ఫటికములు చాలును. లీటరునకు 0.5 మిల్లీగ్రాముల క్లోరిన్‌గల 50 లీటర్ల నీటిని తీసికొందము. అందులో మొత్తము క్లోరిన్ 25 మిల్లీగ్రాములు. కావలసిన హైపో 175 మిల్లీగ్రాములు. అనగా గ్రాములో ఐదవవంతుకు లోపలనే! దానిని ముందుగా బాల్చీలో కలిపి, పిమ్మట తొట్టిలో పోయవలెను. క్లోరమైన్‌గల నీటిలో హైపో క్లోరిన్‌ను విరిచినను అమ్మోనియా మిగిలిపోవును. అట్టిచోట అమ్మోనియాను కూడ బంధించు మందును ఎన్నుకొనవలెను.

ఇంతవరకు కంటికి కనబడు చేపల సంగతి. తొట్టిలో కంటికి కనబడని కాపురము మరియొకటి కలదు. చేపలు మొప్పలద్వారా అమ్మోనియాను విసర్జించును. అది వానికే విషము. ఇసుకపైనను, వడపోత స్పంజిలోను నివసించు సూక్ష్మజీవులు దానిని మొదట నైట్రైటుగను, తరువాత అంతగా హానిచేయని నైట్రేటుగను మార్చుచుండును. ఇట్టి సూక్ష్మజీవులను రష్యన్ శాస్త్రజ్ఞుడు వినోగ్రాడ్‌స్కీ 1890లో వేరుచేసి చూపెను. తొట్టెలలో నైట్రైటును మార్చు పని ముఖ్యముగా నైట్రోస్పైరా జాతివి చేయుచున్నవని 1998లో పరిశోధకులు కనుగొనిరి. క్లోరిన్ వీనిని కూడ చంపును. దాని పుట్టుకయే అందుకు గదా! స్పంజిని కుళాయిక్రింద పిండి కడిగినవారు శుభ్రము చేసితిమనుకొందురు. వాస్తవమునకు పాకీపని చేయు సేవకులనందరిని ఒక్కసారిగా వెడలగొట్టుచున్నారు. తరువాతి దినములలో అమ్మోనియా పెరిగి చేపలు ఒక్కొక్కటిగా చనిపోవును. కావున స్పంజిని తొట్టినుండి తీసిన పాతనీటిలోనే జాడింపవలెను.

నీటినంతయు ఒక్కసారిగా మార్చరాదనుటకు మరియొక కారణమున్నది. బహుకాలము మార్చని నీరు క్రమముగా ఆమ్లగుణము పొందును. అమ్మోనియా నీటిలో రెండు రూపములతో నుండును: ఒకటి విషము, రెండవది దాదాపు నిరపాయము. 25 డిగ్రీల సెల్సియస్ వద్ద, పి.హెచ్. 7 గల నీటిలో విషరూపము నూటికి ఒక పాలు కూడ ఉండదు, పి.హెచ్. 8కి పెరిగినచో నూటికి 5 పాళ్లు దాటును. కొద్దిపాటి అమ్మోనియా చేరియున్న పాతనీటిలో క్షారగుణముగల క్రొత్తనీటిని అధికముగా పోసినచో, అంతవరకు నిద్రించుచున్న విషము ఒక్కసారి మేల్కాంచును. అందువలన వారమునకొక పర్యాయము నాలుగవవంతు నీటిని మాత్రము మార్చుట సాధారణముగా శ్రేయస్కరము. ఏడాదికొక పండుగవలె చేయు పెద్ద శుభ్రత కంటె, వారవారమును చేయు చిన్నపని మేలు.

వేడి సంగతియు మరువరాదు. వేసవిలో మేడపై తొట్టెనుండి వచ్చు మధ్యాహ్నపు నీరు చేతికే చురుక్కుమనును. చేప శరీరపు వేడి నీటి వేడిని అనుసరించును గనుక ఆకస్మికమైన మార్పు దానికి గొప్ప దెబ్బ. ఉష్ణమాపకముతో రెండు నీళ్లను సరిచూచి, వేడి సమమైన పిమ్మటనే పోయవలెను. శీతకాలమున గొట్టములలోని చల్లనినీరు ఒత్తిడివలన అధికముగా వాయువులను ఇముడ్చుకొని యుండును. వెచ్చని తొట్టిలో చేరగానే అవి బుడగలై వెలువడును, చేప శరీరములోనే బుడగలు ఏర్పడుటయు కలదు. గొట్టపుబావి నీటిలో క్లోరిన్ లేకున్నను ఆమ్లజని తక్కువగా, లవణములు ఎక్కువగా ఉండవచ్చును. దానికిని ఒక పూట గాలి తగులనీయవలెను.

నీరు మార్చిన వెంటనే చేపలు నీటిపైకివచ్చి నోళ్లు తెరచినను, అటునిటు పిచ్చిగా పరుగిడినను, రెక్కలు ముడుచుకొన్నను క్లోరిన్‌ను శంకింపవలెను. అపుడు మరల కుళాయినీరు పోయుట అగ్నిలో ఆజ్యము పోయుటయే. వెంటనే తొట్టిలోని నీటి మొత్తమునకు సరిపోవు విరుగుడును కలిపి, గాలిని ఎక్కువగా పంపవలెను.

పాఠశాలలో దీనిని ఒక పాఠముగా చేయవచ్చును. ఉపాధ్యాయుడు మూడు గాజుగ్లాసులు తీసికొని, మొదటిదానిలో అప్పుడే పట్టిన కుళాయినీరు, రెండవదానిలో ఒకదినము నిలువయుంచిన నీరు, మూడవదానిలో హైపో కలిపిన నీరు పోయవలెను. ఒక్కొక్కదానిలో కొంచెము పొటాషియం అయొడైడు, కొన్ని చుక్కల పలుచని గంజి వేసినచో, క్లోరిన్ ఉన్న నీరు లేత నీలివన్నె పొందును. విరుగుడు పడిన నీరు పొందదు. వన్నె స్పష్టముగా తెలియుటకు బ్లీచింగు పౌడరు కలిపిన నీటిని నాలుగవ గ్లాసులో ఉంచి పోల్చవచ్చును. ఈ నీళ్లను మరల చేపల తొట్టిలో పోయరాదు.

1850లో రాబర్ట్ వారింగ్టన్ అను ఆంగ్ల రసాయనశాస్త్రజ్ఞుడు తన ప్రయోగమొకటి ప్రకటించెను. ఒక గాజుపాత్రలో రెండు చిన్న బంగారుచేపలను, ఒక నీటిమొక్కను ఉంచెను. మొక్క ఆకులు కుళ్లి నీరు చెడుచుండగా నత్తలను చేర్చెను. అవి కుళ్లిన ఆకులను తినివేసెను, మొక్క ఆమ్లజనినిచ్చెను, నీటిని మార్చకయే జీవులన్నియు సుఖముగా నుండెను. తొట్టి అనునది కడిగి బోర్లించు పాత్ర కాదనియు, ఒకదానిపై నొకటి ఆధారపడిన ప్రాణులు నివసించు చిన్న మడుగు అనియు ఆయన ప్రయోగము తెలుపుచున్నది.

ఒకే నీరు బిడ్డను కలరానుండి కాపాడుచున్నది. చేప ఊపిరిని తీయుచున్నది. ఇందులో వైరుధ్యమేమియు లేదు. మంచి యనునది ఎవరికి, ఎంత మోతాదులో అను ప్రశ్న లేక నిర్ణయింపబడదు. చేపపిల్లకు ఈత నేర్పనక్కరలేదు. కాని అది ఈదవలసిన నీటిని సిద్ధపరచు భారము మాత్రము దానిని తొట్టిలో విడిచిన చేతులదే.