ప్రీమియం పెంచేవాళ్లు లెక్క చెప్పొద్దా?

2022 జూన్ 1 నుంచి దేశమంతటా కోట్లాదిమంది కష్టజీవుల బ్యాంకు ఖాతాల్లో బీమా కోత పెరిగింది. ప్రధానమంత్రి సురక్షా బీమాకు ఏడాదికి 12 రూపాయలు పోయేది 20 అయింది. జీవన్ జ్యోతి బీమాకు 330 పోయేది 436 అయింది. మే 31న ప్రకటన, తెల్లవారి అమలు!

ఎనిమిది రూపాయలకే ఇంత రాద్ధాంతమా అని పెద్దమనుషులు అడగొచ్చు. ప్రభుత్వం కారణం కూడా చెప్పింది. 2022 మార్చి 31 వరకు చూస్తే, వసూలైన ప్రతి 100 రూపాయల ప్రీమియానికి జీవన్ జ్యోతిలో 145 రూపాయల పైచిలుకు, సురక్షా బీమాలో 221 రూపాయల పైచిలుకు క్లెయిములు వచ్చాయట. ఆ లెక్క నిజమే కావచ్చు. పెంచక తప్పని పరిస్థితే ఉండొచ్చు. అయితే ఆ లెక్కను పెంచకముందే జనం ముందు పెట్టి, ‘మీరేమంటారు’ అని ఎందుకడగలేదు? కట్టేవాడికి ప్రశ్నించే హక్కు లేదా? మేము లేవనెత్తుతున్న విషయం ఇదే.

రేటు ఎట్లా కడతారు?

బీమా అంటే పదిమంది తలా కొంత వేసి, నష్టపోయిన ఒకడిని నిలబెట్టడం. అంతవరకు మంచి పనే. ఆ ‘తలా కొంత’ ఎంత అనే దగ్గరే తిరకాసుంది. కంపెనీ తన లెక్కలో ముఖ్యంగా నాలుగు పద్దులు రాస్తుంది: గత కొన్నేళ్లలో చెల్లించిన క్లెయిములు, రాబోయే కాలంలో చెల్లించాల్సి వస్తుందనుకునే సొమ్ము, ఏజెంట్ల కమీషన్లు, జీతాలు, ప్రకటనల ఖర్చులు, ఆ పైన తన లాభం. ఇంకో పద్దు ఉంది. మనం ముందే కట్టిన ప్రీమియాన్ని కంపెనీ తన దగ్గర పెట్టుకోదు, పెట్టుబడి పెడుతుంది. దాని మీద వడ్డీ వస్తుంది. ఆ రాబడిని లెక్కలో చూపకపోతే రేటు పెరుగుతుంది. రాబోయే నష్టాల అంచనాను ఉబ్బించి రాసినా పెరుగుతుంది. కాబట్టి ఎవరో ఒకరు పద్దు పద్దూ చూసి నిగ్గు తేల్చాలి.

అమెరికాలో ఏం జరుగుతోంది?

పెట్టుబడిదారీ విధానానికి పుట్టిల్లు లాంటి అమెరికాలో 1945 చట్టం తర్వాత బీమా మీద అదుపు ప్రధానంగా రాష్ట్రాల చేతుల్లోనే ఉంది. ప్రతి రాష్ట్రానికీ ఒక బీమా శాఖ ఉంటుంది. అక్కడి చట్టాలు మూడు కొలబద్దలు పెట్టాయి: రేటు మితిమీరి ఉండగూడదు, క్లెయిములు తీర్చలేనంత తక్కువ ఉండగూడదు, ఒకరికొక రకంగా అన్యాయంగా ఉండగూడదు. రెండో కొలబద్ద కంపెనీల కోసం పెట్టిందనుకోవద్దు. చవక రేటు పెట్టిన కంపెనీ దివాలా తీస్తే, నష్టపోయిన రోజున చేయి చాచేది మనలాంటి వాళ్లే.

ఆచరణలో రాష్ట్రానికొక పద్ధతి. కొన్నిచోట్ల ముందు అనుమతి తీసుకున్నాకే పెంచాలి. కొన్నిచోట్ల కాగితాలు దాఖలు చేసి వెంటనే పెంచుకోవచ్చు. కొన్నిచోట్ల ముందు పెంచి తర్వాత కాగితాలు పంపినా సరే.

కాలిఫోర్నియాలో వాహన బీమా రేట్లు విపరీతంగా పెరిగితే జనం శాసనసభను నమ్ముకోకుండా తామే ఓటుకు పెట్టారు. 1988 నవంబరులో ‘103వ ప్రతిపాదన’ దాదాపు 51 శాతం ఓట్లతో నెగ్గింది. దాన్ని ఓడించడానికి బీమా కంపెనీలు 6 కోట్ల డాలర్లకు పైగా కుమ్మరించాయి. అయినా జనం గెలిచారు. కంపెనీలు కోర్టుకెక్కాయి. 1989లో రాష్ట్ర సుప్రీంకోర్టు చట్టంలోని ముఖ్య భాగాలను సమర్థించింది. కంపెనీకి న్యాయమైన రాబడి మాత్రం దక్కాలంది. చివరికి కంపెనీలు వంద కోట్ల డాలర్లకు పైగా వాపసు ఇవ్వాల్సి వచ్చింది.

ఆ చట్టం ప్రకారం కంపెనీ పెంపు కోరితే ఆ సంగతి బహిరంగంగా ప్రకటించాలి. దాఖలు చేసిన కాగితాలు ఎవరైనా చూడొచ్చు. 45 రోజుల్లోగా ఎవరైనా విచారణ కోరవచ్చు. ఇల్లు, కారు వంటి బీమాల్లో 7 శాతానికి మించి పెంపు అడిగినప్పుడు ఇట్లా విచారణ కోరితే, జరపక తప్పదు. పెంపు న్యాయమైనదని రుజువు చేసుకునే భారం కంపెనీదే. జనం తరఫున వాదించి గట్టి సాయం చేసినవాళ్లకు ఆ ఖర్చులు కూడా ఇప్పిస్తారు. బీమా కమిషనర్‌ను జనమే ఓటేసి ఎన్నుకుంటారు.

అట్లాగని అదేదో స్వర్గమని మేము చెప్పడం లేదు. 2025 జనవరిలో లాస్ ఏంజిలిస్ ప్రాంతంలో పెద్ద కార్చిచ్చులు వచ్చాక, స్టేట్ ఫామ్ కంపెనీ ఇళ్ల బీమాకు సగటున 22 శాతం అత్యవసర పెంపు అడిగింది. న్యాయాధికారి ముందు విచారణ జరిగాక మే నెలలో తాత్కాలికంగా 17 శాతానికి అనుమతి వచ్చింది. రేట్లు తమకు గిట్టుబాటు గావని కంపెనీలు కొత్త పాలసీలు ఆపేయడం, పాతవాటిని పొడిగించకపోవడం కూడా అక్కడ చూశాం. పెట్టుబడి చేతిలో ఆ కత్తి ఎప్పుడూ ఉంటుంది. అయినా తేడా చూడండి. అదే కంపెనీ అదే 2025లో ఇల్లినాయి రాష్ట్రంలో ఇళ్ల బీమాను సగటున 27.2 శాతం పెంచింది. అప్పటి చట్టం ప్రకారం ఆ పెంపును కొట్టేసే అధికారం రాష్ట్రానికి లేదు. గవర్నరు కోప్పడి ఊరుకోవాల్సి వచ్చింది!

మన దగ్గర కరెంటుకో న్యాయం, బీమాకో న్యాయం

బహిరంగ విచారణ మనకు కొత్త గాదు. కరెంటు చార్జీలు పెంచాలంటే పంపిణీ సంస్థలు ప్రతిపాదనలు ప్రకటించాలి, విద్యుత్ నియంత్రణ మండలి అభ్యంతరాలు వినాలి. 2003 విద్యుత్ చట్టం చెప్పేదదే. రైతు సంఘాలు, కార్మిక సంఘాలు ఆ విచారణలకు పోయి లెక్కలు నిలదీస్తూనే ఉన్నాయి. 2000 ఆగస్టు 28న బషీర్‌బాగ్‌లో పోలీసు కాల్పులకు ఎదురొడ్డిన జనం కరెంటు రేటు జనం మాట్లాడాల్సిన విషయమని చాటారు.

మరి పంటల బీమా సంగతి? 2016లో వచ్చిన ఫసల్ బీమాలో రైతు వాటా ఖరీఫ్ ఆహార, నూనెగింజల పంటలకు 2 శాతం, రబీకి ఒకటిన్నర, వాణిజ్య, ఉద్యాన పంటలకు 5 శాతం. అసలు రేటు అది గాదు. అసలు రేటు టెండర్లో తేలుతుంది. ఉదాహరణకు 40,000 రూపాయల బీమాకు కంపెనీ 12 శాతం రేటు వేసిందనుకుందాం. మొత్తం 4,800. ఖరీఫ్ వరి రైతు కట్టేది 800. మిగతా 4,000 కేంద్రం, రాష్ట్రం చెరిసగం పెట్టుకుంటాయి. ఆ డబ్బు ఎవరిది? సబ్బు కొన్నా బట్ట కొన్నా పన్ను కట్టే కూలీది కూడా.

టెండర్లో ఏ కంపెనీ తక్కువ అడిగిందో తెలుస్తుంది. ఆ తక్కువైనా న్యాయమేనా అన్నది తెలియదు. రైతులను పిలిచి, క్లెయిముల పద్దు చూపించి, అభ్యంతరాలు వినే విచారణ ఈ పథకంలో లేదు. 2020లో తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ రెండూ ఈ పథకం నుంచి బయటికి వచ్చాయి. ఆంధ్రప్రదేశ్ 2022 ఖరీఫ్ నుంచి మళ్లీ చేరింది. చేరినప్పుడు గానీ, తప్పుకున్నప్పుడు గానీ పొలంలో ఉన్నవాడిని అడిగిందెవరు?

బీమా నియంత్రణ సంస్థ ఎక్కడో లేదు, మన హైదరాబాదులోనే ఉంది. 2025 జనవరిలో, 60 ఏళ్లు దాటిన వాళ్ల ఆరోగ్య బీమా ప్రీమియం ఏడాదికి 10 శాతానికి మించి పెంచాలంటే ముందుగా తమను సంప్రదించాలని కంపెనీలను ఆదేశించింది. అంటే తలచుకుంటే కళ్లెం వేయొచ్చన్నమాట. అయితే అది కంపెనీకీ, ఆఫీసుకూ మధ్య సంప్రదింపు. అందులో మనకు కుర్చీ లేదు.

మనం అడగాల్సింది

పంటల బీమా టెండరు ఖరారయ్యేముందు జిల్లాల వారీగా ఎంత ప్రీమియం వసూలైంది, ఎంత చెల్లించారు, కంపెనీకి ఎంత మిగిలింది అన్నది తెలుగులో అచ్చువేసి పంచాయతీ ఆఫీసు గోడకు అంటించాలి. జిల్లా కేంద్రంలో బహిరంగ విచారణ జరపాలి. కౌలురైతులనూ, కూలీలనూ పిలవాలి. పంట పోతే కూలికి పనిదినాలు పోతాయి. ఆ నష్టానికి ఈ పథకంలో పద్దే లేదు. విచారణ అంటూ ఉంటే ఆ మాట కూడా అక్కడ రికార్డుకెక్కుతుంది. ఖాతాల్లో కోసే బీమాలకైతే, పెంపుకు మూడు నెలల ముందు నోటీసు ఇవ్వాలి.

ఈలోగా సంఘాల కార్యకర్తలు చేయాల్సిన పని ఉంది. ఊళ్లో ఎవరి ఖాతాలో ఏ బీమాకు ఎంత కోత పడుతోందో పాసుపుస్తకాలు చూసి రాయాలి. ఎవరికి క్లెయిము అందింది, ఎవరికి అందలేదో రాయాలి. సమాచార హక్కు చట్టం కింద మండలం లెక్కలు అడగాలి. కరెంటు విచారణల్లో మనవాళ్లు నిలబడి వాదించగలిగింది చేతిలో లెక్కలు ఉన్నందువల్లనే. బీమా దగ్గరా అంతే. ముందు మన పుస్తకం మనం రాసుకుందాం. తర్వాత వాళ్ల పుస్తకం తెరిపిద్దాం.