మేక బొమ్మలో మేక గుణం

నాలుగు కాళ్లు, రెండు కొమ్ములు, గడ్డం గీస్తే మేక బొమ్మ వస్తుంది. మేక గుణం రాదు. గుణం కనిపించేది నిలబడే తీరులో. గొర్రె తల దించుకుని గడ్డి మేస్తుంది, తోక వేలాడుతుంది. మేక తోక నిక్కపొడుచుకుంటుంది, వెనక కాళ్ల మీద లేచి కొమ్మ అందుకుంటుంది. ఆ చొరవ గీతలోకి రావాలి.

ఇందుకు మనకున్న మంచి ఉదాహరణ చిత్రకారుడు కె. లక్ష్మాగౌడ్. 1940లో మెదక్ జిల్లా నిజాంపూర్‌లో పుట్టారు. హైదరాబాద్‌లో చదువుకుని, మా కిమ్ మీదుగా వెళ్లే రైలు దారిలోనే ఉన్న వడోదరలో ఎం.ఎస్. విశ్వవిద్యాలయంలో కె.జి. సుబ్రమణ్యన్ దగ్గర నేర్చుకున్నారు. ఆయన చిత్రాల్లో మేక మళ్లీ మళ్లీ కనిపిస్తుంది, పల్లె మనుషులతో కలిసి బతికే ప్రాణిగా. 2016లో పద్మశ్రీ అందుకున్నారు.

సెలవుల్లో మీ పిల్లల చేతా గీయించండి. ఫోన్‌లో ఫోటో చూసి వద్దు. ఫోటోలో దొరికేది ఒక్క క్షణమే, గుణం తెలిసేది మాటిమాటికీ చేసే పనిలో. ముందు పది నిమిషాలు మేకను ఊరికే చూడమనండి. తర్వాత వెన్ను గీత, మెడ వంపు, చెవుల వాలు. ఆపైన కన్ను: మేక కంటిపాప అడ్డంగా ఉంటుంది, గుండ్రంగా గీస్తే చూపే మారిపోతుంది. రంగులు చివర్లో.

గీత కాస్త వంకర పోయినా ఫరవాలేదు. "ఇది మన వీధి మేకే కదూ!" అని ఇంట్లో ఎవరైనా అన్నారంటే, బొమ్మ కుదిరినట్టే.