తోట ఇంటిని కంపెనీ చేతికి ఇచ్చే ముందు

దేవనహళ్లి వద్ద విమానాశ్రయం 2008లో ప్రారంభమైంది. 2023 జనవరిలో చిక్కబళ్లాపురం సమీపాన 112 అడుగుల ఆదియోగి విగ్రహం వెలసింది. నంది కొండ సంగతి చెప్పనే అక్కరలేదు. శని, ఆదివారాల్లో బెంగళూరు కార్లు బారులు తీరే ఈ ప్రాంతంలో, ద్రాక్షతోట నడుమ ఇల్లున్న కుటుంబాల వద్దకు నిర్వహణ కంపెనీలవారు వస్తున్నారు. "ఇల్లు మీది, శ్రమ మాది" అన్నది వారి మాట. ఫోటోలు తీయడం, ఎయిర్‌బిఎన్‌బి వంటి చోట్ల ప్రకటించడం, అతిథులకు తాళాలివ్వడం, దుప్పట్లు ఉతికించడం, డబ్బు వసూలు చేయడం ఇందులోకి వస్తాయి. పట్నం మనుషులతో బేరమాడే ఓపిక లేనివారికి ఇది నిజంగా ఉపకారమే.

అయితే ఒప్పందాలు రెండు రకాలు. మొదటిది, కంపెనీ నెలకింతని స్థిరమైన అద్దె చెల్లించి ఇంటిని తానే నడుపుకోవడం. రెండవది, రాబడిలో వాటా తీసుకొని యజమాని పక్షాన నడపడం. రెండవ దానిలో లెక్క జాగ్రత్తగా చూడాలి. రాత్రికి 6,000 రూపాయల చొప్పున నెలకు 8 రాత్రులు నిండాయని అనుకుందాం. మొత్తం 48,000. ప్రకటించిన సంస్థకు నూటికి 15 చొప్పున 7,200 పోతుంది. కంపెనీ వాటా నూటికి 25 అయితే, అది మొత్తం మీదనా, మిగిలిన 40,800 మీదనా? మొదటి పద్ధతిలో 12,000, రెండవ పద్ధతిలో 10,200. ఏడాదికి 21,600 రూపాయల తేడా ఈ ఒక్క మాటలో ఉంది. కరెంటు, కావలి, శుభ్రతలకు మరో 15,000 యజమానిదే అయితే, మొదటి పద్ధతిలో చేతికి మిగిలేది 13,800. వారం మధ్యలో ఇల్లు ఖాళీగానే ఉంటుందని మరువరాదు.

కాగితం విషయానికి వస్తే, ఏడాదికి మించిన కౌలు ఒప్పందం 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం రిజిస్టరు కావాలి. పదకొండు నెలల పత్రాలు వాడుకలోకి వచ్చింది అందుకే. నిర్వహణ పేరుతో జి.పి.ఎ. అడిగితే మాత్రం ఆగవలసిందే. గదులు అద్దెకిచ్చే పనికి ఇంటిని అమ్మే అధికారంతో పని లేదు. పహణి ఇంకా తండ్రిగారి పేరనే ఉంటే అన్నదమ్ములతో పాటు అక్కచెల్లెళ్ల సమ్మతి కూడా తీసుకోవాలి. 2005 సవరణ తరువాత పిత్రార్జితంలో ఆడపిల్లలకూ సమాన వాటా ఉంది. పత్రం ఆంగ్లంలో ఉంటే తెలుగులోనో కన్నడంలోనో వాక్యం వాక్యం చదివించుకొని వినడానికి సిగ్గుపడనక్కరలేదు.

వ్యవసాయ భూమిలో రైతు తన సేద్యం కోసం ఇల్లు కట్టుకోవడం ఒకటి, దానిని రోజువారీ అద్దెకివ్వడం మరొకటి. రెండవ దానికి భూపరివర్తన కావాలా అని తాలూకా కచేరిలో ముందే విచారించాలి. పర్యాటక శాఖ నమోదు, పంచాయితి అనుమతి, అతిథుల గుర్తింపు పత్రాల దాఖలా ఎవరి బాధ్యతో పత్రంలో వ్రాయించాలి. విదేశీయులు దిగితే 24 గంటల్లోగా అధికారులకు తెలియజేయాలి. కంపెనీ ఆ పని మరచినా ప్రశ్న ఇంటి యజమాని గడపకే వస్తుంది.

విడిపోయే రోజు గురించి ఎవరూ మాట్లాడరు. ప్రకటన ఖాతా కంపెనీ పేరున ఉంటే, ఒప్పందం ముగిసిన నాడు ఆ ఫోటోలు, అతిథులు వ్రాసిన మెచ్చుకోళ్లు వారితోనే పోతాయి. యజమాని మళ్లీ మొదటినుంచి మొదలుపెట్టాలి. కనుక ఖాతా యజమాని పేరున తెరిచి, నడిపే అనుమతి మాత్రమే కంపెనీకి ఇవ్వడం మేలు. ఎన్ని రోజుల నోటీసు, అప్పటికే ముందస్తు డబ్బు కట్టిన అతిథుల సంగతేమిటి అన్నవీ వ్రాసుకోవాలి. ఉగాదికి, భోగనందీశ్వరుని రథోత్సవానికి, ఇంట్లో పెండ్లికి ఇల్లు తమకే కావాలనుకునే కుటుంబం ఆ తేదీలను ఏడాది మొదట్లోనే కంపెనీకి వ్రాసి ఇచ్చి, ముట్టినట్లు సంతకం తీసుకోవాలి.