ఏ కైట్ ఎలా లాగుతుంది?

సంక్రాంతి గాలిపటానికి ఒక్క దారం చాలు. కైట్ సర్ఫింగ్ పటానికి నాలుగైదు కావాలి, ఒక్కోటీ 20 మీటర్లకు పైనే. ఆ దారాల కొసన ఉండే బార్ పట్టుకుంటే ఏ పటం తత్వమేమిటో తెలిసిపోతుంది.

◆ నీళ్లలో పడ్డా మునగకుండా మళ్లీ లేచే పటాన్ని తయారుచేసింది ఫ్రాన్స్‌లోని బ్రిటనీకి చెందిన బ్రూనో, డొమినిక్ లెగైన్యూ సోదరులు. ముందు అంచులో గాలి నింపిన గొట్టమే కిటుకు. దానికి 1984లోనే పేటెంట్ కోరారు.

◆ సి-కైట్‌కు దారాలు నేరుగా నాలుగు మూలలకే కడతారు. పటం కాస్త కదిలినా చేతికి తెలుస్తుంది. బార్ బరువుగా ఉంటుంది, గాలి హఠాత్తుగా పెరిగితే లాగుడు తగ్గించడం కష్టం. అయినా నడుముకున్న హుక్ తప్పించి, ఉత్త చేతులతో బార్ పట్టుకుని గాల్లో పల్టీలు కొట్టేవాళ్లకు ఇదే ఇష్టం.

◆ 2005 ప్రాంతంలో వచ్చిన బౌ కైట్ బల్లపరుపుగా ఉంటుంది, వెనక అంచు లోపలికి వంగి ఉంటుంది. బార్ ముందుకు తోస్తే లాగుడు దాదాపు పూర్తిగా ఆగిపోతుంది. ఆట కాస్త క్షేమంగా మారింది దీని రాకతోనే.

◆ డెల్టా కైట్ నీళ్లలో బోర్లా పడిందా? బార్ ఒక కొస లాగి పట్టుకుంటే చాలు. పటం మెల్లగా పక్కకు దొర్లి, రెక్క కొస మీద నిలబడి, గాలి అందుకుని పైకి లేస్తుంది. కొత్తవాళ్లకు అందుకే నచ్చుతుంది.

◆ అడ్డంగా మూడు గొట్టాలుండే పటం తేలిక. దారాలు వదులైనా గాలివాటున తేలుతూ వెంట వస్తుంది, కాబట్టి అలల మీద ఆడేవాళ్లు దాన్నే ఎంచుకుంటారు. ఐదు గొట్టాలది కాస్త బరువే కానీ, ఎగుడుదిగుడు గాలిలో ఆకారం చెదరదు.

◆ 7 చదరపు మీటర్ల పటం బార్ కదిపీ కదపకముందే తిరుగుతుంది. 12 మీటర్లది తాపీగా తిరుగుతుంది. దానితో ఎగరాలంటే బార్ కాస్త ముందే తిప్పాలి.

◆ గాలి వేగం రెట్టింపైతే దాని బలం నాలుగింతలవుతుంది. 10 నాట్లకు సరిపోయిన పటం 20 నాట్లలో మనిషినే ఈడ్చేస్తుంది. అందుకే ఆటగాళ్ల సంచిలో రెండు మూడు సైజులుంటాయి.

◆ ఫాయిల్ కైట్‌లో ఊదే గొట్టాలే ఉండవు. గుడ్డ అరల్లోకి గాలే దూరి ఉబ్బిస్తుంది. చిరుగాలికీ చురుగ్గా లాగుతుంది. నీళ్లలో ఎక్కువసేపు ఉంటే మాత్రం అరలు తడిసి, లేవడానికి మొరాయిస్తుంది. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో భాగంగా మార్సెయ్ తీరంలో జరిగిన తొలి ఒలింపిక్ కైట్ పందేల్లో బ్రిటన్‌కు చెందిన ఎలీ ఆల్డ్రిడ్జ్, ఆస్ట్రియాకు చెందిన వాలెంటిన్ బోంటుస్ స్వర్ణాలు గెలిచింది ఈ రకం పటాలతోనే.