మనం లెక్కించవలసింది బోర్లను కాదు, మిగిలిన నీటిని

అనంతపురం పీఠభూమిలో ఏడాది బాగుందా లేదా అని తెలుసుకోవడానికి ఒకప్పుడు మా పెద్దలు చెరువు వైపు చూసేవారు. చెరువు మరవ పారిందా, ముంగారు వానకు నేల ఎంత లోతున పదునైంది, దిగుడుబావిలో నీరు ఎన్ని మెట్ల కింద ఉంది అన్నవే వారి కొలతలు. తరువాతి తరంవారమైన మేము వాటిని విడిచి వేరే లెక్కలు పట్టుకున్నాం. ఎన్ని బోర్లు పడ్డాయి, ఎన్ని మోటార్లు తిరుగుతున్నాయి, ఎన్ని ఇళ్లకు కుళాయి బిగించారు అన్నవి మాకు ప్రగతి గుర్తులయ్యాయి.

కొన్నేళ్ల కిందట మా మదరసాలో ఎండాకాలం బోరు ఎండిపోయింది. పిల్లల వజూకూ వంటకూ నీరు కరవైంది. చందాలు పోగుచేసి అంతకు రెట్టింపు లోతుకు మరో బోరు వేయించాం. నీళ్లు పడ్డాయి. అల్హమ్దులిల్లాహ్ అనుకొని, ఆ ఏటి నివేదికలో దానిని సంస్థ సాధించిన ప్రగతిగా రాసుకున్నాం. మరుసటి ఎండాకాలం మా ప్రహరీకి అవతల ఉన్న చిన్న రైతు బోరు ఆగిపోయింది. ఆయన చీనీ చెట్లు మా కళ్ల ముందే ఎండాయి. ఆయన మమ్మల్ని ఒక్క మాట కూడా అనలేదు. దానికి మా బోరే కారణమని తేల్చగల కొలత మా వద్ద లేదు, కాదని చెప్పగల కొలతా లేదు. మా పుస్తకంలో ప్రగతిగా నమోదైనది పొరుగువాని ఇంట నష్టమై ఉండవచ్చునన్న తలంపు నేటికీ మమ్మల్ని విడువదు.

ఈ నేల స్వభావం తెలిస్తే ఆ భయం ఎందుకో అర్థమవుతుంది. ఇక్కడ ఏడాదికి కురిసే వాన సగటున సుమారు 550 మిల్లీమీటర్లు. నైరుతి మేఘాలను పడమటి కనుమలు ఆపివేస్తాయి, ఈశాన్య మేఘాలు తూర్పు తీరం దాటి ఇంతదూరం వచ్చేసరికి బలహీనపడతాయి. నేల కింద గట్టి రాతిపొర ఉంది. పైనున్న మెత్తని పొరలోను, రాతి పగుళ్లలోను మాత్రమే నీరు నిలుస్తుంది. లోతుకు వెళ్లినంత మాత్రాన కొత్త నీరు పుట్టదు. అనేకసార్లు అందరిదీ అయిన ఒకే పాత్రలోకి మన గొట్టం మరింత కిందికి దిగుతుంది, అంతే.

నేటి అవసరం తీర్చుకుంటూనే రేపటివారి వాటాను హరించకుండా ఉండటాన్నే లోకం సుస్థిర అభివృద్ధి అంటున్నది. 2015 సెప్టెంబరులో ఐక్యరాజ్యసమితి 17 లక్ష్యాలను, వాటి కింద 169 ఉపలక్ష్యాలను నిర్ణయించి 2030ని గడువుగా పెట్టింది. మన దేశంలో నీతి ఆయోగ్ 2018లో రాష్ట్రాలకు, 2021లో 56 నగరాలకు ఆ లక్ష్యాల ప్రకారం మార్కులు వేసింది. 2025 ఏప్రిల్‌లో కేంద్ర పంచాయతీరాజ్ శాఖ గ్రామ పంచాయతీల సూచికను వెలువరించింది. అందులోని తొమ్మిది అంశాలలో నీటి సమృద్ధి ఒకటి. లెక్కకు వచ్చిన 2,16,000కు పైగా పంచాయతీలలో ఒక్కటి కూడా అత్యున్నత శ్రేణిని అందుకోలేదు.

ఈ సూచికలు అవసరమే. కొలత లేనిచోట బలవంతుని మాటే లెక్క అవుతుంది. అయితే ఏది కొలుస్తున్నామో కూడా చూసుకోవాలి. కుళాయిల సంఖ్య ఒక లెక్క, వాటిలో మే నెలలో వచ్చే నీరు వేరొక లెక్క. అనంతపురం నగరానికి తాగునీరిచ్చే పెన్న అహోబిలం జలాశయం తుంగభద్ర ఎగువ కాలువ మీద ఆధారపడి ఉంది. 2024 ఆగస్టులో హోస్పేట వద్ద తుంగభద్ర ఆనకట్ట 19వ గేటు కొట్టుకుపోయినప్పుడు ఇక్కడి రైతులూ గృహిణులూ కలవరపడటానికి కారణమిదే. నగరం నీటి లెక్క నగర పొలిమేరలో ముగియదు.

కొలత ప్రజల చేతిలోకి వస్తే ఏమవుతుందో చూపిన అనుభవం మన ప్రాంతంలోనే ఉంది. ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ తోడ్పాటుతో 2003 తరువాత కొన్నేళ్లపాటు అనంతపురంతో సహా ఏడు కరవు జిల్లాలలో రైతులే భూగర్భజలాన్ని కొలిచే పథకం నడిచింది. చదువు అంతంత మాత్రమైన రైతులు, వారిలో స్త్రీలు కూడా, వర్షమాపకం చూసి వాన లెక్క రాశారు. బోరుబావులలో నీటిమట్టం కొలిచారు. ఆ అంకెలను ఊరి గోడ మీద అందరికీ కనబడేలా రాశారు. యాసంగికి ముందు అందరూ కూర్చుని, నేలలోకి ఇంకిన నీరెంత, వేయబోయే పంటలు తాగే నీరెంత అని జమాఖర్చు వేసేవారు. ఫలానా పంట వేయరాదన్న నిషేధం లేదు, జరిమానా లేదు. అయినా లోటు కళ్లకు కనబడినప్పుడు అనేకులు వరి తగ్గించి తక్కువ నీటి పంటలకు మళ్లారు. భయపెట్టి చేయించలేని పనిని గోడ మీది అంకె చేయించింది.

ఆ గోడ మన మస్జిదుకూ, ఇంటికీ ఎందుకు ఉండకూడదు? ఒక చదరపు మీటరు కప్పుపై ఒక మిల్లీమీటరు వాన కురిస్తే ఒక లీటరు నీరు. నూరు చదరపు మీటర్ల మస్జిదు కప్పుపై ఏడాదిలో పడేది సుమారు 55,000 లీటర్లు. కొంత ఆవిరైపోయినా, మిగిలినదానిని ఇంకుడుగుంతకు మళ్లిస్తే మనం తోడినదానిలో కొంతైనా నేలకు తిరిగి ఇచ్చినవారమవుతాం. ఇక వజూ సంగతి. దైవప్రవక్త (స) ఒక ముద్ నీటితో, అంటే లీటరు లోపే, వజూ ముగించేవారని హదీసు గ్రంథాలు తెలుపుతున్నాయి. మా విద్యార్థులు కుళాయి కింద వజూ చేస్తుండగా ఒకసారి ఆ నీటిని బకెట్టులో పట్టి చూపించాం. బకెట్టు సగానికి పైగా నిండింది. పిల్లలు సిగ్గుపడ్డారు, వారికంటే ముందు మేము సిగ్గుపడ్డాం. ఆనాటి నుండి మా మదరసాలో బదనాలు తిరిగి వచ్చాయి.

దివ్య ఖుర్ఆన్‌లోని అర్రహ్మాన్ సూరాలో ఆకాశాన్ని ఎత్తిన ప్రస్తావన వెంటనే త్రాసు ప్రస్తావన వస్తుంది, తూకంలో హద్దు మీరవద్దన్న హెచ్చరిక వస్తుంది. ఆ త్రాసు అంగడిలోని బియ్యానికి మాత్రమే కాదని, నేల కింద అందరికీ చెందిన నీటికి కూడా అని మేము ఆలస్యంగా గ్రహించాం.

ఇప్పుడు మా నివేదికలో బోరు లోతుతో పాటు నెలనెలా నీటిమట్టం కూడా రాస్తున్నాం. ఆ కాగితాన్ని గేటు బయట అతికిస్తున్నాం. పొరుగు రైతు వచ్చి చదువుతారు. ఎండాకాలం మట్టం పడిపోయిన నెలలో మోటారు వేసే గంటలు తగ్గిస్తున్నాం. ఆయన చీనీ తోట తిరిగి రాలేదు. ఆ పొలంలో నిరుడు ఆయన కొర్ర వేశారు.